మునిగిన తెప్పకు అన్నం మూట

పాడ్యమి. ఆటు. చూపు: చాపిన చెయ్యి వరకు. చలి: మామూలే, అంటే ఘోరం.

నీళ్ళలో దిగిన ప్రతిసారీ గైడు లాగ్‌బుక్కు రాయాలని రిసార్టు నిబంధన. చివర 'అనుభూతి' అని ఒక గడి ఇచ్చారు. అందులో ఎంత రాసినా పడుతుంది, ఎవరూ చదవరు. చదివి ఉంటే నన్ను ఈపాటికి పనిలోంచి తీసేసేవారు. కాబట్టి రాస్తున్నాను. ఈరోజు అనుభూతి: రోత.

పొద్దున్న ఒక పడవెడు జనాన్ని నీళ్ళలోకి దింపాను. అందరూ లోపలి నగరాల వాళ్ళే. అక్కడ ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటుందట. అందుకని చలి కోసం మా సముద్రానికి వస్తారు. మా తాత కాలంలో జనం ఇక్కడికి స్నానాలకి వచ్చేవారు, ఇప్పుడు డబ్బు కట్టి వణకడానికి వస్తున్నారు. తుపాన్లు పుట్టకూడదని నడిసముద్రంలో చలిగొట్టాలు దించి, అట్టడుగు నీళ్ళు పైకి తోడడం మొదలెట్టారు. తుపాన్లు పోయిన మాట నిజమే. వాటితోపాటు మా చేపలూ పోయాయి. వాటి బదులు గొట్టాల వెంట చీమిడిపాములు వచ్చాయి.

చీమిడిపాముకి కళ్ళుండవు, దవడ ఉండదు. నోరు మాత్రం ఉంటుంది. చెయ్యి తగిలితే ఒళ్ళంతా చీమిడి కక్కుతుంది. ఒక్కటి కక్కితే బకెట్టు నీళ్ళు జిగురైపోతాయి. మా వాడ పిల్లగుంటలు చూసిన వెంటనే పెట్టిన పేరది. రిసార్టు బోర్డు మీద మాత్రం 'వెన్నెల తీగలు' అని ఉంటుంది. ఆ పేరు పెట్టినవాడి ముక్కులో ఒకటి దూర్చాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

వాటికి బాగా నచ్చిన చోటు మా అన్న తెప్ప. చిన్న ఫైబరు తెప్ప. నీళ్ళడుగున నల్లరాయి మొదట్లో ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. చలినీళ్ళ మీద వేడిగాలి ఆడినప్పుడు లేచే పొగమంచులో రాయి కనబడక గుద్దుకుంది. అందులో మా అన్న తాతారావు, ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆ ఇద్దరూ శవాలై ఒడ్డుకి కొట్టుకొచ్చారు. అన్న రాలేదు. రెండేళ్ళయింది.

ఆ తెప్పని చూపించడమే నా ఉద్యోగం. టార్చి వేసి, ఇది ఇంజను, ఇది వల, ఇది అన్నం క్యారేజీ అని వేలు పెట్టి చూపిస్తాను. ఈరోజు ఒక పెద్దమనిషి ఆ క్యారేజీ మూత నెత్తిమీద టోపీలా పెట్టుకుని ఫోటో దిగాడు. అది మా అమ్మ సర్ది పంపిన క్యారేజీ. పైకొచ్చాక "బాగా చూపించావమ్మా" అని మెచ్చుకున్నాడు. నేను నవ్వాను. నవ్వాలని కూడా నిబంధన ఉంది.

నిన్న అమావాస్య. ముడి మళ్ళీ వీడలేదు.

ముడి సంగతి కూడా రాసేస్తాను. మా వాడలో శవం దొరకని మనిషికి కర్మ చెయ్యరు. ప్రతి అమావాస్యకీ, ఆటు తీసే వేళ, అతను పోయిన చోట అన్నం మూట దించుతారు. తల్లి తన చీర ముక్కలో మూట కట్టాలి, పెళ్ళాం తాడుతో దించాలి. కాసేపు ఉంచి లాగుతారు. ముడి వీడి గుడ్డ ఖాళీగా వచ్చిందా, ఆ మనిషి తిన్నట్టు, పోయినట్టు. చేప తిన్నా, పీత తిన్నా అతనే తిన్నట్టు లెక్క, పిండం కాకి ముట్టినట్టే. ముడి బిగిసే వచ్చిందా, ఎక్కడో బతికున్నట్టు. అప్పుడు పెళ్ళాం అత్తింట్లోనే ఎదురుచూస్తూ ఉండాలి. కోసిన ముడి చెల్లదు. అడుగున ఇంటివాళ్ళ చెయ్యి తగిలినా చెల్లదు. అందుకే అమావాస్య పూట నన్ను నీళ్ళలో దిగనివ్వరు, వేరే గైడు దిగుతాడు.

సింహాచలం వదినకి ఇంకా ముప్పై నిండలేదు. నీళ్ళలో దిగేవాళ్ళు ఒళ్ళంతా తొడుక్కునే వేడిచొక్కాలు బాగుచేసే దానయ్య ఆమెని చేసుకుంటానని కులపెద్దని అడిగి చాలాకాలమైంది. మారుమనువు మాలో తప్పు కాదు. వదినకీ ఇష్టమే. ముడి వీడందే పెద్ద ఒప్పుకోడు. వచ్చే అమావాస్య మర్నాడు దానయ్య చలిగొట్టాల మీద పనికి వెళ్ళిపోతున్నాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి ఒడ్డుకి రారు, పెళ్ళాన్ని మాత్రం వెంట తీసుకెళ్ళనిస్తారు. వదినకి ఇంకొక్క మూట మిగిలింది.


తదియ. దిగలేదు. చూపు, చలి: వర్తించవు. కంపు: వర్తిస్తుంది.

ఈరోజు నాకూ వదినకీ వేడిచొక్కాలు ఉతికే వంతు. చలికి మనిషికి ఉచ్చ ఆగదు. ఎంత చదువుకున్నవాడైనా, ఎంత పెద్ద కారులో దిగినవాడైనా చొక్కాలోనే కానిచ్చేస్తాడు. పైకొచ్చి అదో తపస్సులా కళ్ళు మూసుకుని, "ఆ ప్రశాంతత, ఆ వెచ్చదనం" అంటాడు. ఆ వెచ్చదనం ఎక్కడిదో మాకు తెలుసు. మేమే కదా ఉతికేది.

వదిన ఒక చొక్కా తిరగేసి, ముక్కు అవతలికి తిప్పుకుంది.

"ఓలమ్మో! ఈల్లకి ఇంటికాడ మరుగుదొడ్లు నేవేటే మసేనూ?"

"ఉంటాయొదినా. అందులో ఇంత సుఖం ఉండదు కాబోలు."

నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చొక్కాని రాయికేసి బాదుతూ, నావైపు చూడకుండా అడిగింది.

"మీ అన్న బతికున్నాడని నీకు అనిపిత్తందేటే?"

"నేదొదినా."

"నాకూ అనిపించట్లేదు. మరి ముడెందుకు ఈడదు?"

"నాకేటి తెలుసు."

"నాకు తెలుసే. నా మనసు దానయ్య మీదకి ఎల్లిపోనాది గదా. ఆడికి తెలిసిపోనాది. అందుకే నా సేత్తో దించిన కూడు ముట్టట్లేదు." అంటూనే ఏడ్చేసింది. "రెండేళ్ళుగా ఆకలితో ఉన్నాడే మీ అన్న. నా మూలానే ఉన్నాడు."

ఊరడించడం నాకు చేతకాదు. చేతిలో ఎవడో ఉచ్చ పోసిన చొక్కా ఉంది. దాన్ని బకెట్లోకి విసిరేసి ఆమె పక్కన కూర్చున్నాను. నా ఒళ్ళంతా మండిపోతోంది, ఎవరి మీదో తెలియలేదు.


పంచమి. ఆటు. చూపు: పర్వాలేదు. చలి: పళ్ళు టకటకలాడాయి.

ఈరోజు ఒకావిడ తన నడుముకున్న సంచీ తెప్పలో జారవిడుచుకుంది. అందులో చికెన్ పకోడీ ఉంది. సముద్రం అడుగుకి పకోడీ ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియాలి. సంచీకి జిప్పు, జిప్పు మీద బొందు, బొందుకి గట్టిగా ముడి.

చీమిడిపాములు వచ్చాయి. తెప్ప కింద నుంచి, ఇంజను లోపలి నుంచి, వల కన్నాల్లోంచి, ముక్కు చీదినట్టు ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ వచ్చాయి. వాటిలో ఒకటి ఆ బొందుని నోటితో పట్టుకుంది. తోక వైపు తన ఒంటినే ముడి వేసుకుంది. ఆ ముడిని ఒంటి వెంట ముందుకి తోసుకొచ్చి, సంచీకి ఆనించి, తల వెనక్కి లాగింది. బొందు ముడి సడలిపోయింది. మరోటి జిప్పు సందులోంచి దూరింది. మేము నోళ్ళు వెళ్ళబెట్టేలోపు పకోడీ లేదు. సంచీ నిండా జిగురు. ఆవిడ దాన్ని నాకిచ్చి కడగమంది.

కడుగుతుంటే నాకు చల్లగా ఒక ఆలోచన వచ్చింది. ఒంటినే ముడేసుకుని పక్క ముడులు విప్పే జంతువులవి. మూడు వేళ్ళతో కట్టిన అన్నం మూట వాటికి ఒక లెక్కా? రెండేళ్ళుగా అమావాస్య మూట ఒక్కటే చెక్కుచెదరకుండా ఎలా పైకొస్తోంది?


షష్ఠి. ఆటు. చూపు: బాగుంది. చలి: గుర్తులేదు.

నా పాత చున్నీ చింపి, మిగిలిన అన్నం పెట్టి, అమ్మ కట్టే తీరులోనే మూడు ముడులు వేసి నడుముకి తగిలించుకుని దిగాను. జనాన్ని ఇంజను వైపు పంపించి, మూటని తెప్ప అంచు మీద పెట్టాను.

పాములు వచ్చాయి. మూట విప్పాయి. తిన్నాయి. అంతే. అన్నం తినడానికి వాటికి మంత్రాలక్కర్లేదు, అన్న అనుమతీ అక్కర్లేదు.

కాబట్టి అమావాస్య మూటని ఎవరో విప్పకుండా చేస్తున్నారు. ఎవరో కూడా నాకు తెలుసు. ఆ రోజు పడవకి రెట్టింపు జనం ఎక్కుతారు. 'ముడి వీడని ఇల్లాలు' అని బోర్డు పెట్టించి, వదినకి ఎర్రచీర కట్టించి, డప్పు కొట్టించి, ఆమె తాడు లాగుతుంటే అందరిచేతా ఊపిరి బిగబట్టించే మనిషి ఒకడున్నాడు. మా మేనేజరు సాకేత్ సార్. ముడి వీడిపోతే ఆ ఆట కట్టు.

పైకొచ్చి పడవ అంచు మీద వాంతి చేసుకున్నాను. చలి పడలేదేమో అన్నారు అందరూ.


సప్తమి. దిగలేదు.

సాకేత్ సార్ గదికి వెళ్ళాను. ఆయన గదిలో ఎప్పుడూ మల్లెపువ్వు సెంటు వాసన. కిటికీ తీస్తే పాముల జిగురు ఎండే వాసన వస్తుందని కిటికీకి మేకులు కొట్టించాడు.

"అమావాస్య మూటకి ఏం చేస్తున్నారు మీరు?" అన్నాను నిలబడే.

"ఏం చేస్తున్నాం, మసేనమ్మగారూ?"

"ముడి వీడకుండా ఏదో చేస్తున్నారు. జిగురో, తీగో. మా వదిన బతుకుతో ఆడుకుంటున్నారు."

ఆయన నిజంగానే తెల్లబోయాడు. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కళ్ళు మెరిశాయి.

"నేనెందుకు చేస్తానండీ? ఒకటే సీను రెండేళ్ళ నుంచి. గెస్టులకి బోరు కొట్టేసింది. 'వీడలేదా, మళ్ళీ రావాలా' అని రివ్యూలు రాస్తున్నారు. ముడి వీడితేనే కదా మనకి క్లైమాక్స్! నేనే ఒకసారి మీ అమ్మగారిని అడిగాను, కొంచెం వదులుగా కట్టండమ్మా అని. చీపురు తీసుకుంది."

"మరి ఎవరు?"

"నాకేం తెలుసు? కానీ వీడుతుందంటారా? డ్రోను కెమెరా బుక్ చెయ్యమంటారా?"

ఆ సెంటు కంపులోంచి బయటపడి ఇసకలో కూలబడ్డాను. దొంగ దొరకలేదన్న బాధకన్నా, ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదన్న సంగతే ఎక్కువ రోత పుట్టించింది. వాడికి వదిన ఏడ్చినా ఒకటే, నవ్వినా ఒకటే. కెమెరాకి కనబడితే చాలు.


నవమి. దిగలేదు.

సాకేత్ సార్ కాకపోతే మూటని ముట్టేవాళ్ళు ఇక ఎవరున్నారు? కులపెద్ద దూరం నుంచి చూసి తల ఊపుతాడు. వదిన తాడు మాత్రమే ముడుతుంది. వీడకుండా వచ్చిన మూటని అమ్మ ఒక్కతే తీసుకెళ్ళి, ఇసకదిబ్బ అవతల విప్పి, అన్నం పక్షులకి వేసి, గుడ్డ ఉతికి తెస్తుంది. అది తల్లి పని, ఇంకెవరూ వెంట వెళ్ళకూడదు.

ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆమె పెట్టె తీశాను. మొన్నటి గుడ్డ మడతపెట్టి ఉంది, పసుపుపచ్చ చీర ముక్క. కొసని చేత్తో తడిమితే ఏదో గీసుకుంది. నైలాను దారం. వెలుతురుకి పెడితేగానీ కనబడనంత సన్నం, వలలకి వాడేదే. విప్పేటప్పుడు తెగి, చిన్న ముక్క గుడ్డలో ఉండిపోయింది. దానికి ఒక ముడి ఉంది.

వలముడి ఎవరు వేసినా ఒక్కలాగే పడుతుంది, మా అమ్మ వేస్తే తప్ప. అమ్మది ఎడమచేతి వాటం. ఆమె ముడి ఎదురు తిరిగి ఉంటుంది. ఆమె అల్లిన వల బాగుచెయ్యాల్సి వస్తే వాడలో మగవాళ్ళు తిట్టుకునేవారు. ఆ ముక్కలో ముడి ఎదురు తిరిగి ఉంది.

ఇన్నాళ్ళూ నేను రోత అనుకున్నవి ఉచ్చ, చీమిడి, మల్లెపువ్వు సెంటు. అవన్నీ సబ్బుతో పోయేవే.


దశమి. పోటు. దిగాను, ఏం చూపించానో గుర్తులేదు.

సాయంత్రం వదిన బజారుకి వెళ్ళాక, దారం ముక్క అరచేతిలో పెట్టి అమ్మ ముందు చాపాను. అమ్మ చూసింది. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఆ పని ఆపలేదు.

"కట్టినాను. ఏటి సేత్తావు?"

"ఎందుకమ్మా?"

"ముడీడితే నా కొడుకు సచ్చిపోతాడే."

"అన్న పోయి రెండేళ్ళయింది."

"నీకు పోనాడు. నాకు పోనేదు. అమాస అమాసకీ ఆడు ఎక్కడో ఉన్నాడని పెద్ద నోటంట ఇంటాను. ఆ మాట కోసరమే నెలంతా బతుకుతాను."

"మరి వదిన? అది బతకొద్దా?"

"అది ఎల్లిపోతే ఈ ఇంట్లో ఆడి పేరెవులు తలుత్తారు? నువ్వు తలుత్తావా? పొద్దున లెగిస్తే ఆ తెప్పని ఊరోళ్ళకి సూపెట్టి నవ్వుతావు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఛీ! ఆ సాకేత్ నయం నీకన్నా. వాడు టికెట్టు కోసం ఏడిపిస్తున్నాడు. నువ్వు ఊరికే, తేరగా, నీ ఇంట్లో కూడు వండి పెడుతున్న పిల్లని ఉరేసి కూర్చోబెట్టావు. వదిన ఏమనుకుంటోందో తెలుసా నీకు? తన మనసు దానయ్య మీదకి వెళ్ళిందని అన్నకి తెలిసిపోయిందట. అందుకే తన చేతి మూట ముట్టడం లేదట. తన మూలాన రెండేళ్ళుగా అన్న ఆకలితో ఉన్నాడని చొక్కాలు ఉతుకుతూ ఏడుస్తోంది!"

అమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"ఆకలితోనా?" అంది.

"అవును. ఆకలితోనే."

బియ్యం అలాగే వదిలేసి లేచింది. కన్నతల్లిని ఛీ అన్న నోటితో అన్నం తినబుద్ధి కాక పడుకున్నాను.


పౌర్ణమి. పోటు మీద పోటు. దిగడం కుదరలేదు.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వదిన "ఏటయింది మీ తల్లీకూతుళ్ళకి?" అని అడుగుతోంది. ఏమీ లేదంటున్నాను.

వదినకి నిజం చెప్పొచ్చు. కులపెద్దకీ చెప్పొచ్చు. చెబితే అమ్మకి వాడలో నిలువ నీడ ఉండదు, అది సరే. కానీ ముడి అప్పుడూ వీడదు. మూట తల్లే కట్టాలి. నేను నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు, కత్తి పెట్టకూడదు. పద్ధతి పెట్టినవాళ్ళు అన్ని సందులూ పూడ్చి పెట్టారు, తల్లి చేతి సందు ఒక్కటే వదిలేశారు. దానయ్య పెట్టె సర్దుకుంటున్నాడు. నన్ను చూసి, "ఈపాలి ఈడుతాదంటావా అప్పా?" అని అడిగాడు. నాకన్నా పెద్దవాడు, నన్ను అక్కని చేసి అప్పా అంటున్నాడు.


బహుళ చతుర్దశి. ఆటు. చూపు: శుభ్రం. చలి: ఎముకల్లో.

కులపెద్దని బతిమాలి రేపు దిగడానికి ఒప్పించుకున్నాను. చూడొచ్చు, ముట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలి. సరేనన్నాను. సాకేత్ సార్‌కి ఆనందం పట్టలేదు. "చెల్లెలు కూడా అడుగునా! ఎమోషనల్‌గా ఉంటుంది" అన్నాడు. డ్రోను తెప్పించాడట.

రాత్రి పడుకునే ముందు అమ్మతో ఒక్క మాట అన్నాను. "రేపు నేను కింద ఉంటాను. నువ్వెలా కట్టినా నేను ముట్టను. కట్టేది నువ్వు, చూసేది నేను." అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.


అమావాస్య. ఆటు. చూపు, చలి: తర్వాత.

పొద్దున్నే అమ్మ స్నానం చేసి పొయ్యి వెలిగించింది. మూట ఎప్పుడు కట్టిందో, ఎలా కట్టిందో నేను చూడలేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వదిన చేతిలో పెడుతోంది. నైలాను ఉందో లేదో కనబడదు. దాని గుణమే అది.

రిసార్టు పడవ కిటకిటలాడింది. డప్పు. వదిన ఒంటిమీద వాళ్ళిచ్చిన ఎర్రచీర, తగరపు మెరుపులు. ఒక మూల దానయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ తాటాకు చాప మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. సాకేత్ సార్ మైకులో, "ఈ రోజైనా అతను తింటాడా?" అని సాగదీసి అడిగాడు. జనం "ఓ" అన్నారు. నేను నీళ్ళలో పడ్డాను.

అడుగున నా చేతులు నడుము వెనక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మూట మెల్లిగా దిగి తెప్ప అంచు మీద ఆగింది. చుట్టూ ఉన్న గెస్టులు టార్చీలన్నీ దాని మీదకే తిప్పారు. పాములు వచ్చాయి.

మొదటిది నోరు పెట్టి లాగింది. రాలేదు. రెండోది పక్కనుంచి తోసింది. రాలేదు. జిగురు తెరలు తెరలుగా లేచి నా మాస్కుకి పట్టేసింది. పాములు మూటని వదిలేసి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి. కట్టేసింది. అమ్మ మళ్ళీ దారం కట్టేసింది. నా తొడ మీద కత్తి ఉంది. కోసి పారేయాలనిపించింది. మూటనా, నైలానునా, తెప్పనా, ఆ టార్చీల తీగలనా, ఏదో ఒకటి. అమ్మ మీద నాకు కలిగిన అసహ్యం ఆ చలిలో కూడా కాలుతోంది.

అప్పుడు లావుపాటిది ఒకటి ఇంజను కింద నుంచి తీరిగ్గా వచ్చింది. చీర ముక్క కొస పట్టుకుంది. తన ఒంటిని ముడేసుకుని, ఆ ముడిని ముందుకి తోసుకొచ్చి, మూటకి ఆనించి, తల వెనక్కి లాగింది. మొదటి ముడి వీడింది. రెండోది. మూడోది దానంతటదే జారిపోయింది. అందులో దారం లేదు. అన్నం తెల్లగా నీళ్ళలోకి లేచింది, పాములన్నీ దాని మీద పడ్డాయి. జన్మలో మొదటిసారి ఆ చీమిడి ముండల్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మాస్కులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి ఉండదు. నా చీమిడి నేనే మింగాను. నా బతుకులో చేసిన రోత పనుల్లో దీనికే మొదటి స్థానం.

పైకి వచ్చేసరికి వదిన తాడు లాగేసింది. ఖాళీ గుడ్డ నీళ్ళు కారుతూ వేలాడుతోంది. కులపెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలపాగా తీశాడు.

జనం చప్పట్లు కొట్టారు.

ఈలలు కూడా వేశారు. ఒకావిడ నా భుజం తట్టి, "ఇంకొక్కసారి దించుతారా? నా కెమెరా ఆన్ అవలేదు" అంది. సాకేత్ సార్ నా చెవిలో, "గాజులు తీసే కార్యక్రమం ఎప్పుడో కొంచెం ముందుగా చెబితే ప్యాకేజీ పెట్టుకుంటాం" అన్నాడు. నా చేతి నిండా జిగురు ఉంది. మర్యాదగా ఆయన చొక్కాకి, జేబు నుంచి కాలరు దాకా తుడుచుకున్నాను. రేపటి నుంచి నాకు పని ఉండకపోవచ్చు.

వదిన అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తోంది. అమ్మ ఆమె తల నిమిరింది.

"తినీసినాడమ్మా. నీ మీద కోపం నేదు ఆడికి. ఎల్లు. ఎలుగుండగానే ఎల్లిపో." దానయ్యకేసి చూసి, "పిల్లకి సలి ఎక్కువ బావూ, సూసుకో," అంది.

వాళ్ళిద్దరూ పడవ అవతలి కొసకి వెళ్ళారు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను, వేడిచొక్కా నుంచి నీళ్ళు కారుతూ. దశమి నాటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నా వేళ్ళు పట్టుకుంది. జిగురుకి వేళ్ళు జారిపోతుంటే గట్టిగా పట్టుకుంది.

"అంతా తిన్నాడేటే?"

"మెతుకు మిగల్చలేదమ్మా."

అమ్మ నీళ్ళకేసి చూసింది. అకస్మాత్తుగా మొహం నిండా భయం వచ్చింది.

"ఈపాలి ఎండు కవళ్ళ సేపల కూర ఎట్టినానే. ఆడికిష్టమని ఎక్కడెక్కడో అడిగి తెప్పించినాను. ఆడికి ముల్లు ఏరుకోడం సేతకాదు. పెల్లయినా గాని నానే ఏరి ఎట్టేదాన్ని. గొంతులో గుచ్చుకుంటాదే. ఆ సీకట్లో ఎవులు ఏరి ఎడతారే ఆడికి?"

ఆ పడవ మీద పొద్దుటినుంచి ఎంతమంది ఎన్ని వేషాలు వేసి ఎన్ని అబద్ధాలు ఆడారో, అన్నీ చూసి నేను అసహ్యించుకున్నాను.

"ముడీడినాక నాను ఏరి ఎట్టినానమ్మా," అన్నాను.

"అన్నీ ఏరినావా?"

"అన్నీ ఏరినాను."